ఆ నల్ల గీత వద్దు మాస్టారూ



ఏ ఊరికి వెళ్లినా ప్రాథమిక పాఠశాల ఎక్కడుందని ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. ప్రహరీ గోడే చెప్పేస్తుంది. గాంధీగారు, అంబేద్కర్‌గారు, వాళ్ల పక్కన ఛోటా భీమ్, ఆ పక్కన ఏ ఫర్ యాపిల్, చివర్లో పళ్లికిలిస్తూ సూర్యుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లోనూ, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి పనుల్లోనూ బడికి రంగులు వేయించడం ఒక పద్దుగా ఉండేది. వాటికంటే ముందే ‘బాలా’ అనే ఆలోచన ఒకటి దేశమంతా తిరిగింది. బడి కట్టడమే పాఠం చెప్పాలని దాని ఉద్దేశం. తలుపు ఎంత తెరిస్తే ఎన్ని డిగ్రీలో తెలిసేలా గడప దగ్గర నేల మీద కోణమానిని గీయడం లాంటివి అందులో ఉంటాయి. వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి, ఆయన విన్యాస్ బృందం దాన్ని తీర్చిదిద్దారు. బాగుంది, కాదనను.

నా పేచీ ఒక్కటే. ఆ గోడల మీద ఎక్కడా పిల్లల చేయి పడలేదు. పెయింటరుగారు వచ్చి అడుగుకింత అని మాట్లాడుకుని, వేసి, డబ్బులు తీసుకుని వెళతారు. పిల్లలు చూస్తారు. ఇంట్లో బొగ్గుముక్కతో గోడ మీద గీసినందుకు వీపు విమానం మోత మోగించుకున్న పిల్లవాడే బడికొచ్చి, ‘గోడ ముట్టుకోకు, మాసిపోతుంది’ అనిపించుకుంటాడు. గోడ మీద గీయాలన్న ఉబలాటం వాడిది, గీసే హక్కు మాత్రం మనది.

ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా కలిసి ఒక గోడ మీద ఒకే బొమ్మ వేయడం గురించి ఇవాళ మాట్లాడతాను. డ్రాయింగు మాస్టారుగా ఈ పని కొన్ని బడుల్లో చేయించాను. చేయించాను అనడం కూడా సరికాదేమో. నేను చూసుకున్నది గోడని, రంగుల్ని. బొమ్మ వాళ్లది.

ముందు గోడ సంగతి, ఎందుకంటే అక్కడ తప్పితే మిగతాదంతా వృథా. ఒక పాలిథిన్ ముక్కని నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే ఆ గోడలో చెమ్మ ఉన్నట్టే. దాని మీద ఎంత ఖరీదు రంగు వేసినా కొన్నాళ్లకే బుడగలు లేస్తుంది. నేల చెమ్మ పైకి పాకి, అడుగు ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పూసిన గోడలు మన బడుల్లో మామూలే. అలాంటప్పుడు ఆ అడుగూ వదిలేసి పైన మొదలుపెట్టండి. పాత సున్నం మీద నేరుగా రంగు వేయకూడదు. సున్నం పొడై రాలుతుంది, రంగునీ వెంటబెట్టుకుని పోతుంది. గీకి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, ఆ పైన తెల్ల ఎమల్షన్, బయటి గోడలకి వాడే రకం. లీటరు ఎమల్షన్ రెండు కోటింగులకి 50–60 చదరపు అడుగులు వస్తుంది. అంటే 20 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు గోడకి రెండు లీటర్లు చాలు.

ఆయిల్ పెయింటు మాత్రం వద్దు. అది చేతికంటితే వదిలించడానికి టర్పెంటైనో కిరసనాయిలో కావాలి, పసిపిల్లల చేతులకి రాసేవి కావు అవి. ఎమల్షన్ ఆరేలోపు మామూలు నీళ్లతో పోతుంది. ఇంకో జాగ్రత్త. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. స్టోరు గదిలో మూలన పడి ఉన్న పాత డబ్బాలు అంతకు ముందువి కావచ్చు. పొదుపు కోసమని వాటిని తీసి పిల్లల చేతికివ్వకండి.

గోడ ఆరేలోగా పిల్లల చేత ఒక పని చేయించవచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రెండు బకెట్ల నీళ్లు, నాలుగైదు సున్నపు కుంచెలు ఇచ్చి, రంగు వేయని సిమెంటు గోడ మీద ఎండలో నీళ్లతో బొమ్మలు వేయమనండి. తడి పడిన చోట గోడ నల్లబడుతుంది, నాలుగు నిమిషాల్లో ఆరి మాయమవుతుంది. నోటుబుక్కులో మూలకి అగ్గిపుల్లంత మనిషిని గీసే పిల్ల ఇక్కడ నిలువెత్తు మనిషిని గీస్తుంది. తప్పుపోతే చెరిగిపోతుందిలే అన్న ధీమా. వేళ్లతో గీసే అలవాటు వదిలి భుజంతో గీయడం ఇలాగే వస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ అరవై దాటాక పెద్ద గోడచిత్రం పని వచ్చినప్పుడు పొడవాటి వెదురు కర్ర చివర బొగ్గు కట్టి గీశాడు. మా నాలుగో తరగతి వాళ్లకి ఈ సంగతి చెబితే మర్నాడు చీపురుపుల్లల నుంచి గొడుగు కర్రల దాకా తెచ్చి సుద్దముక్కలు కట్టుకున్నారు.

ఇక ఏం వేయాలి? పెద్దవాళ్లని అడిగితే నినాదాలు చెబుతారు. చెట్లు పెంచండి, నీరు వృథా చేయకండి. పిల్లల్ని అడిగినా అవే చెబుతారు, ఎందుకంటే మనం ఏం వినాలనుకుంటామో వాళ్లకి తెలుసు. అందుకని నేను వేరేలా అడుగుతాను. ‘మీ ఇంటి నుంచి బడికొచ్చే దారిలో ఏమేం ఉంటాయి?’ అంతే. అప్పుడు వస్తాయి అసలైనవి. వెంటపడే కుక్క, బోరింగు, చికెన్ కొట్టు, సెల్ టవరు, అరుగు మీద కూర్చుని అందర్నీ పేరు పెట్టి పిలిచే అవ్వ, ఎప్పుడూ మూసే ఉండే లైబ్రరీ. ఒకచోట బెల్టు షాపు కూడా వచ్చింది. హెడ్మాస్టరుగారు బడి గోడ మీద అది కూడదన్నారు. ‘ఉంది కద సార్’ అన్నారు పిల్లలు. చాలాసేపు తర్జనభర్జన జరిగాక షాపు ఉంది, బోర్డు లేదు. అందరికీ అర్థమయ్యే రాజీ.

కాగితాల మీద ఎవరికి వాళ్లు వేశాక ఆ బొమ్మల్ని కత్తిరించి, నేల మీద గోడంత పొడవు పరిచిన పాత వార్తాపత్రికల మీద పెట్టి అటూ ఇటూ జరుపుతాం. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ముప్ఫై మంది ముప్ఫై బొమ్మలు వేస్తే అది గోడ మీద ప్రదర్శన అవుతుంది గానీ ఒక బొమ్మ కాదు. వాటిని కలిపేదేది?

దీనికి మన చుట్టూనే దారులున్నాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద కథని అడ్డ పట్టీలుగా విడదీసి చెబుతారు. పెద్ద బడైతే తరగతికో పట్టీ ఇవ్వొచ్చు. సీతంపేట మన్యంలో సవర గిరిజనులు ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యప్పిండి ముద్దతో వేసే బొమ్మల్లో ఒక ఇంటి చట్రంలో మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు అన్నీ తేలుతున్నట్టు ఉంటాయి. కింద నేల గీత ఉండదు. సైకిళ్లూ విమానాలూ కూడా అందులోకి వచ్చి కూర్చున్నాయి. అవి దేవుళ్లకీ, పోయిన పెద్దలకీ వేసేవి కాబట్టి పిల్లల చేత వాటికి నకళ్లు తీయించడం నాకు సమ్మతం కాదు. కానీ నేల గీత లేకుండా ఇన్నిటిని ఎలా పట్టించారో మాస్టార్లు చూసి తీరాలి. నేనైతే ఎక్కువగా నమ్ముకున్నది దారిని. గోడ ఈ చివర నుంచి ఆ చివరకి వంకర్లు తిరుగుతూ ఒక రోడ్డు. దాన్ని మాత్రం అందరూ కలిసి ముందే వేసుకుంటారు. ఆ తర్వాత ఎవరి ఇల్లు, ఎవరి కుక్క ఎక్కడుండాలో రోడ్డే చెబుతుంది.

శాంతినికేతన్ హిందీభవన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో వేసిన మధ్యయుగ సంతుల గోడచిత్రం ఉంది. మూడు గోడల పైభాగమంతా పారే బొమ్మ అది. కబీరు, తులసీదాసు, సూరదాసు, గురు గోవింద్ సింగ్, ఎవరి కాలం వారిది, ఎవరి ఊరు వారిది. అయినా జనప్రవాహంలో ఒకరి భుజం ఒకరికి తగులుతూ ఉంటుంది. పూర్తి సైజు నమూనా గీసుకుని గోడకి దించకుండా, గోడ మీదే చూసుకుంటూ వేశారాయన. అప్పటికే ఆయనకి చూపు బాగా మందం. కొంతమంది శిష్యులు సాయం పట్టారు, తర్వాత పెద్ద చిత్రకారుడైన కె.జి. సుబ్రహ్మణ్యన్ వాళ్లలో ఒకరు. ఇద్దరు మనుషుల మధ్య ఖాళీని ఏం చేయాలన్నదే ఆ బొమ్మ నుంచి నేను నేర్చుకున్నది. పిల్లల గోడలో పోట్లాటలన్నీ ఆ ఖాళీ కోసమే మరి.

సిద్దిపేట వైపు ఒక పల్లె బడిలో జరిగింది చెబుతాను. మూడో తరగతి పాప ఒకామె చెరువు వేసింది. నీలం రంగు తనే కలుపుకుంది, అంచు దాకా ఓపిగ్గా నింపింది. పక్కన బర్రెని వేస్తున్న నాలుగో తరగతి పిల్లవాడి కుంచె జారి కొమ్ము ఒకటి చెరువులోకి పోయింది.

‘నా చెర్ల నీ బర్రె కొమ్మెందుకు వెట్టినవ్‌రా?’

‘బర్రె చెరువు కాడనే ఉంటది గదా.’

‘ఉంటే కాడ వెట్టు, నీళ్లల్ల ఎందుకు వెట్టినవ్?’

నేను కల్పించుకుందామని లేచాను. రంగు చిప్ప పట్టుకుని నిలబడ్డ రెండో తరగతి బుడ్డోడు నాకంటే ముందే తీర్పు చెప్పేశాడు. ‘బర్రె నీళ్లల్ల దిగిందనుకోరాదక్కా.’ పాప కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత తన నీలం రంగుతో వాడి బర్రె కాళ్లు తనే కప్పేసింది. తల, వీపు, తోక కొస మిగిలాయి. ఆ గోడ మొత్తంలో ఊరివాళ్లు ఆగి చూసేది ఆ బర్రెనే. నేను ముందు లేచుంటే కొమ్ము చెరిపించి ఉండేవాణ్ని.

అప్పట్నుంచి అన్ని చోట్లా పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. ఇంకొకరు వేసినదాన్ని కప్పాలంటే వాళ్లని అడగాలి. వాళ్లు వద్దంటే చుట్టూ తిరిగి వెళ్లాలి.

పిల్లల బొమ్మల తీరు గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్ల చేతులు దురద పెట్టేది అక్కడే. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లో పిల్లల కోసం చిత్రకళ తరగతి మొదలుపెట్టి వాళ్లని వాళ్ల పద్ధతిలోనే వేయనిచ్చాడు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ఒక పుస్తకం రాశాడు. ఏ వయసు పిల్లలు ఎలా గీస్తారో అందులో దశలుగా చెప్పాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు అన్నిటినీ ఒక నేల గీత మీద నిలబెడతారు, పైన ఆకాశం ఒక నీలం పట్టీ, మధ్యలో ఖాళీ. ఇంటి గోడలోంచి లోపలి పొయ్యి కనిపిస్తుంది. తనకి ముఖ్యమైనవాళ్లు పెద్దగా ఉంటారు. మేకకంటే టీచర్ ఎత్తు, టీచర్ కంటే అమ్మ ఎత్తు. చెరువు వేస్తే పైనుంచి చూసినట్టు నలుచదరంగా వేసి, నాలుగు గట్ల మీది చెట్లనీ నాలుగు వైపులా పడుకోబెడతారు.

ఇదిగో, ఆ చెట్లు చూసి ఒక టీచరుగారు ‘తప్పు కదండీ’ అన్నారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు సమాధి గోడ ముక్క ఒకటి ఉంది, నెబామున్ అనే ఉద్యోగిది, సుమారు మూడు వేల మూడొందల ఏళ్ల నాటిది. అందులో తోట మధ్య కొలను పైనుంచి చూసినట్టు నలుచదరంగా ఉంటుంది, కొలనులో చేపలూ బాతులూ మాత్రం పక్కనుంచి చూసినట్టు ఉంటాయి. ఆ బొమ్మ ఫోనులో చూపించాను. చెరువు ఆకారం తెలియాలంటే పైనుంచే చూడాలి, బాతు బాతులా కనిపించాలంటే పక్కనుంచే చూడాలి. పిల్ల కూడా తనకి తెలిసినదాన్ని తెలిసినట్టు వేసింది. టీచరుగారు ఒప్పుకున్నారో లేదో గానీ చెట్లు మాత్రం పడుకునే ఉన్నాయి.

రంగుల దగ్గర నేను కొంచెం పిసినారిని. పెద్ద డబ్బా తెలుపు, స్టెయినరు సీసాలు ఐదు: పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. మిగతావి వీటిలోంచే కలుపుకోవాలి. పదిహేను రంగులు అందుబాటులో పెడితే పిల్లలు పదిహేనూ వాడతారు, గోడ కాస్తా తిరునాళ్లలో గాజుల కొట్టు అయిపోతుంది. తెలుపు కలిసిన ఐదు రంగులైతే ముప్ఫై చేతులు పడినా ఒకదాన్నొకటి కరవవు. కలపడం నాలుగు, ఐదు తరగతుల వాళ్ల పని. కొబ్బరి చిప్పల్లో కొంచెం కొంచెం పోసివ్వాలి, డబ్బా దగ్గరికి పిల్లల్ని రానివ్వకూడదు. కుంచె ముంచాక చిప్ప అంచుకి గీయడం నేర్పకపోతే రంగు మోచేతి దాకా కారుతుంది. నాన్నల పాత చొక్కాలు వెనక్కి తిప్పి తొడిగిస్తే యూనిఫాం గురించి ఇంట్లో తిట్లుండవు.

గోడ దగ్గర ఒక్కసారికి ఆరుగురు, అరగంట, అంతకంటే వద్దు. భుజం ఎత్తు దాటి వేయించకూడదు. ఒకటో తరగతికి నేల నుంచి మూడడుగులు, ఐదో తరగతికి మూడున్నర. నిచ్చెనలు లేవు. పైన మిగిలిన ఆకాశం మాస్టార్లు నింపుకోవచ్చు, వాళ్లకీ ఏదో ఒకటి ఉండాలిగా. కాలం విషయానికొస్తే దసరా సెలవుల తర్వాత నుంచి సంక్రాంతి లోపు మంచిది. వేసవిలో పడమటి గోడ మీద రంగు కుంచెలోనే ఆరిపోతుంది.

ఇప్పుడు ఆ నల్ల గీత. బొమ్మంతా అయిపోయాక, పిల్లలు ఇళ్లకి వెళ్లాక, సన్న కుంచె తీసుకుని ఎవరో ఒక పెద్దవారు వస్తారు. కొంచెం ‘నీట్’ చేద్దామని. ప్రతి ఆకారం చుట్టూ నల్లగా ఒక గీత లాగుతారు. వంకర కిటికీ తిన్నగా అవుతుంది, అవ్వ ముక్కు ముక్కులా తయారవుతుంది. మర్నాడు పిల్లలు వచ్చి చూసి, ‘బాగుంది సార్’ అంటారు. అంటారు గానీ తన ఇల్లు ఏదో చూపించమంటే ఒక్కోసారి చూపించలేరు. ఇలా దిద్దిన గోడ నేను చూశాను. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు ఎంతో మెచ్చుకున్నారు. మెచ్చుకున్నది పెయింటర్ని.

పెద్దవాళ్లు గీస్తే పిల్లలు నింపడం అన్ని వేళలా తప్పని నేననను. లాస్ ఏంజిలిస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976 నుంచి వరద కాలువ గోడ మీద అర మైలు పొడవున కాలిఫోర్నియా చరిత్ర వేయించింది. నాలుగు వందల మందికి పైగా కుర్రకారు అందులో పనిచేశారు. అక్కడ అమరికా గీతా పెద్దలు చూసుకున్నారు. కానీ వాళ్లు టీనేజి పిల్లలు, చరిత్ర చదివి, ఏది గోడకెక్కాలో వాదించి, ఆ తర్వాత కుంచె పట్టినవాళ్లు. ఆ వయసుకి వచ్చేసరికి పిల్లలకే తమ గీత మీద నమ్మకం పోయి ‘నాకు బొమ్మలు రావు’ అనడం మొదలవుతుంది, అప్పుడు పెద్దల చేయి ఆసరా. ఏడేళ్ల పిల్లకి ఇంకా ఆ అపనమ్మకం రాలేదు. ఇంకొకరి గీత లోపల రంగు నింపించి మనమే దాన్ని ముందుగా తెచ్చిపెట్టడం దేనికి?

నల్ల గీత కావాలని పిల్లలే అడిగితే వాళ్లనే వేసుకోనివ్వండి. వాళ్ల గీత వణుకుతుంది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. అలాగే ఉండనివ్వండి.

చివరగా పేర్ల సంగతి. కింద ఎవరి పేరు వాళ్లే రాయాలి, ఎవరి అక్షరాలతో వాళ్లే. ఒత్తులు పోయినా, తలకట్లు తిరగబడినా సరే. ఇక రంగుల డబ్బులిచ్చిన దాత పేరు పిల్లల పేర్లన్నిటికంటే పెద్దగా, బొమ్మ నడినెత్తిన రాయమంటారు. ఇది ప్రతి ఊళ్లో వస్తుంది. దాతని చిన్నబుచ్చకూడదు, రేపు బెంచీలకి మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి. గేటు పక్కన చిన్న పలక పెట్టించి అక్కడ ఆయన పేరు నిండుగా రాయిస్తే ఇద్దరికీ మర్యాద. మా అనుభవంలో చాలామంది ఒప్పుకున్నారు, ఒకాయన తప్ప.

ఎమల్షన్ బొమ్మ మన ఎండలకీ వానలకీ నాలుగైదేళ్లు బాగుంటుంది, ఆ పైన వెలుస్తుంది. ఆ లోగా ఐదో తరగతి వాళ్లు హైస్కూలుకి వెళ్లిపోతారు, ఒకటో తరగతి వాళ్లు ఐదుకి వస్తారు. వెలిసిందాన్ని మళ్లీ దిద్దుదామా, కొత్తది వేద్దామా అని అప్పుడు ఊళ్లో చర్చ. శాంతినికేతన్‌లో సుబ్రహ్మణ్యన్ తాను సుమారు రెండు దశాబ్దాల కింద వేసిన నలుపు-తెలుపు గోడచిత్రం పాడైతే ఎనభై దాటిన వయసులో వచ్చి దాన్ని అలాగే తిరిగి వేయకుండా కొత్త బొమ్మలు వేశారు. నా ఓటూ కొత్తదానికే. బర్రె ఫొటో తీసి పెట్టుకోండి, గోడ మాత్రం ఇప్పటి పిల్లలకి ఇవ్వండి. అందుకే రంగులు కొనేటప్పుడు తెల్ల ఎమల్షన్‌కీ, ప్రైమరుకీ ఎంతవుతుందో కాగితం మీద రాసి బడి కమిటీ ఫైల్లో పెట్టించండి. నాలుగేళ్ల తర్వాత వచ్చే హెడ్మాస్టరుగారికి పనికొస్తుంది.